తెగిన పోగుకు మార్కులు

తల మీద వెంట్రుకల కంటే చదవాల్సిన పుస్తకాలే ఎక్కువైన నలభై ఐదేళ్ల వయసులో, దేశమంతా దండం పెట్టే ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్‌లో చేరాను. ల్యాబ్ పరీక్ష పాసైతేనే రెండో ఏడాది.

ఏనుగును సైతం సాగదీసే యంత్రం ఒక నూలు పోగును లాగుతుంది. ఎంత బలానికి తెగిందో నేను రాయాలి, అంతే. పోగు టప్పున తెగింది. నేను అంకె చూసేలోపే నా వేళ్లు ఉరికి రెండు కొసలనూ మెలేసి అతికేశాయి. సిద్దిపేటలో మాది మగ్గాల ఇల్లు. తెగిన పోగును అట్లాగే వదిలినవాడికి ఆ పూట అన్నం పెట్టరు. మూడుసార్లూ అదే తంతు.

"అయ్యా, తెగింది తెగినట్టే ఉండనివ్వండి! అంకె రాయకుండా మార్కులెలా వేయను?" అన్నారు నాకంటే పదిహేనేళ్లు చిన్న మేడమ్. "ఇదే చివరి అవకాశం."

ఈసారి రెండు చేతుల మీదా కూర్చున్నాను. పోగు తెగింది. ప్రాణం విలవిల్లాడినా నేను లేవలేదు; అంకె చూసి, ఆ తర్వాతే చెయ్యి తీసి రాశాను. పాసయ్యాను.

ఇంటికొచ్చి చెబితే మా బాపు మగ్గం ఆపాడు.

"పోగు తెంపితె పాస్ చేసిన్రా?"

"ఔ బాపూ."

"గా సదువుకు మన పిల్లిని తోలాలె గదరా! దినాం పది పోగులు తెంపుతది, ఈపాటికి పెద్ద సారయ్యేది."