అద్దాల కాలేజీకి పెళ్లిచూపులు

ఒక ఆదివారం ఉదయం పుంగనూరులోని మా ఇంటి ముందు జీపు ఆగింది. అందులోంచి పూలు, పండ్లు, పట్టుచీరలు, ఆ చీరల్లో మనుషులు వరసగా దిగారు. మా మనవరాలిని చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు. వాళ్లను రమ్మని పిలిచింది నేనే. ఆ సంగతి జీపులో ఉన్న అందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు.

అప్పుడే తిట్టుకోకండి. తిట్టుకోవడానికి సరిపడా సరుకు ముందుంది. ఇది మూడేళ్ల నాటి మాట. అప్పటికి నా వయసు అరవై రెండే. ఆ వయసులో మనిషికి కొంచెం దుడుకు ఉంటుంది.

నేను బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఏ బస్సు ఎప్పుడు కదిలింది, ఎందుకు ఆలస్యమైంది అన్నది పగలు రిజిస్టరులో రాయడం, నేనేం చేశానన్నది రాత్రి డైరీలో రాయడం, ఇదే నా బతుకు. రిటైరయ్యాక రాయడానికి బస్సులు లేక ఇంట్లో వాళ్ల రాకపోకలు రాయడం మొదలుపెట్టాను. "సాంబారు ఆలస్యం. కారణం తెలుపలేదు" అని రాసుకున్న రోజున నా భార్య రత్నమ్మ ఆ డైరీని సాంబారులోనే వేస్తానంది. అందుకే మనవరాలు హర్షితకు ఇంజనీరింగు ఎంట్రెన్సులో ర్యాంకు వచ్చి, కాలేజీ ఎంచుకునే పని నా మీద పడేసరికి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ర్యాంకు ఊరేగించేంత గొప్పదీ కాదు, దాచిపెట్టేంత చెడ్డదీ కాదు. వడపోయగా రెండు కాలేజీలు మిగిలాయి. వాటి పేర్లు చెప్పను. ఒకటి మదనపల్లె దోవలో ఉండేది. ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా అద్దాలే కనుక మేం దాన్ని అద్దాల కాలేజీ అనేవాళ్లం. అందులో సీటంటే బంధువుల్లో పేరు. ఫీజు కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది. రెండోది కుప్పం వైపు పాత కాలేజీ. దాని గోడలకు సున్నం కూడా మొహమాటానికి వేసినట్టు ఉండేది. ఫీజుకు ప్రభుత్వం ఇచ్చేది పోను, హాస్టలు కలుపుకున్నా అక్కడ ఖర్చు తక్కువ.

హర్షిత తండ్రి, మా అబ్బాయి వెంకటరమణ, టమోటా రైతు. మదనపల్లె మార్కెట్లో టమోటా రేటు ఎటు పోతే వాడి ధైర్యం అటు పోతుంది.

"అద్దాల కాలేజీ అయితే అప్పు చేయాల నాయనా," అన్నాడు. "చేస్తా. ఆ అద్దాల ఎనకాల ఏముండాదో ఎవురన్నా తేల్చి చెప్తే చేస్తా. ఏదీ తేలకుంటే ఈడనే డిగ్రీలో చేరిపోనీ."

ఆ చివరి మాటకు హర్షిత ముఖం వాడిపోయింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో పాడైన ప్రతి వస్తువునూ విప్పి చూసిన పిల్ల అది. కొన్నింటిని మళ్లీ బిగించింది కూడా.

"తాతా, నాకు అద్దాలతో పని లేదు, గోడలతో పని లేదు," అంది. "ఇంజనీరింగు కావాల. పాఠం బాగా చెప్పేది యాడో కనుక్కోని రా. ఆప్షన్లు పెట్టేకి సోమవారమే ఆఖరు."

"బస్సు ఎంత దూరం పోతాదో ఇంజను చప్పుడు విని చెప్పేవాణ్ని పాపా. నాకు వదిలెయ్," అన్నాను.

మొదట మర్యాదగా ముందు తలుపు నుంచే వెళ్లాను. అద్దాల కాలేజీలో చల్లటి గదిలో కూర్చోబెట్టి మామిడిపండు రసం ఇచ్చారు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నేను నోరు తెరవకముందే తల ఊపేది.

"ల్యాబులు బాగుంటాయా అమ్మా?"

"హండ్రెడ్ పర్సెంట్ సార్."

"ఉద్యోగాలు వస్తాయా?"

"హండ్రెడ్ పర్సెంట్ సార్."

బాత్రూము ఎక్కడమ్మా అని అడగాలని ఉన్నా, ఏ జవాబు వస్తుందో తెలుసు కనుక అడగకుండా వచ్చేశాను.

మరునాడు పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాను. అక్కడ రసం లేదు. కుర్చీ కూడా నేనే వెతుక్కున్నాను.

"ల్యాబు ఉండాదా అప్పా?" అని గుమాస్తాను అడిగాను.

"ఉండాది."

"బాగుండాదా?"

"ఉండాదంటి కదా."

ఒకచోట అన్నీ ఎక్కువ చెబుతున్నారు, మరోచోట ఏదీ చెప్పడం లేదు. ఈ రెండింటి మధ్య నిజం ఎలా పట్టుకోవాలా అని తిరుగు బస్సులో ఆలోచిస్తూ ఉంటే, నా బుర్రలో ఆ మహత్తరమైన ఊహ మెరిసింది. ఆ బస్సు దారిలో చెడిపోయి ఉన్నా బాగుండేది.

మా వైపు ఒక సంబంధం అనుకుంటే పెళ్లికొడుకు ఇంటికి నేరుగా వెళ్లం. ముందు వాళ్ల వీధి చివర టీ అంగట్లో కూర్చుంటాం. అబ్బాయి తాగుతాడా, ఉద్యోగం నిలుస్తుందా, వాళ్లమ్మ నోరు ఎలాంటిది, అన్నీ అక్కడే తేలతాయి. కాలేజీ గురించి కూడా అలాగే విచారిస్తే? ఆ కాలేజీలో పనిచేసే లెక్చరరును పెళ్లికొడుకుగా అనుకుని అడిగితే? జీతం సరిగ్గా ఇచ్చే కాలేజీ గట్టి కాలేజీ. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

అద్దాల కాలేజీ గేటు ఎదురుగా ఖాదర్ భాయ్ టీ అంగడి. టీ చెప్పి, బెంచీ మీద కూర్చుని, సంబంధాలు వెతికేవాడి ముఖం పెట్టాను. కొంచెం దిగులు, కొంచెం బేరం కలిపితే ఆ ముఖం వస్తుంది.

"ఏం భాయ్, ఈ కాలేజీలో పెండ్లి కాని లెక్చరర్లు ఎవురన్నా ఉండారా?"

ఖాదర్ భాయ్ టీ వడగట్టడం ఆపేశాడు. "ఎవురికి సాబ్?"

"మా ఇంట్లో ఆడపిల్ల ఉండాది."

"మా మునికృష్ణ సారు ఉండాడు కదా. కంప్యూటర్లు చెప్తాడు. రామకుప్పం దగ్గర పల్లె. బంగారం లాంటి మనిషి."

"మనిషి సరే భాయ్. ఉద్యోగం సంగతి చెప్పు. కాలేజీ గట్టిదేనా? జీతాలు ఇస్తాండారా?"

"ఇస్తాండారా అంటావేంది సాబ్? ఒకటో తేదీ తెల్లారితే చేతిలో పడతాది."

"సార్లు నిలకడగా ఉంటారా, వచ్చి పోతా ఉంటారా?"

"వచ్చినోడు రిటైరయ్యేదాకా కదలడు."

ఆ కాలేజీ కట్టి అప్పటికి నిండా పదేళ్లు కాలేదు. అందులో రిటైరైనవాడు ఎవడుంటాడన్న ఆలోచన నాకు రాలేదు. జేబులో డైరీ ఉంది కదా, 'గట్టి కాలేజీ' అని రాసుకున్నాను.

"మీది ఏ ఊరు సాబ్?" అన్నాడు ఖాదర్ భాయ్.

ఇక్కడ నా వృత్తి నన్ను ముంచింది. దారి అడిగితే సగం చెప్పి ఊరుకోవడం నా ఒంట్లో లేదు. "పుంగనూరు. మదనపల్లె నుంచి వస్తే బస్టాండు దాకా పోనక్కర్లేదు, ముందు స్టాపులో దిగితే నడక తగ్గుతాది. మొదటి సందు కాదు, రెండోది. నీలం గేటు. గేటుకు నిమ్మకాయ కట్టింటారు."

"పాప ఏం చదివింది?"

"ఇంజనీరింగు," అన్నాను. ఇంకా చదవలేదంటే నాటకం బయటపడుతుంది.

"ఎప్పుడొస్తే ఉంటారు?"

"ఆదివారం అయితే అందరమూ ఇంట్లోనే," అన్నాను, నటన పండాలని. నిజంగా పండింది.

ఇంటికొచ్చి తీర్పు చెప్పాను. అద్దాల కాలేజీయే. వెంకటరమణ అప్పు కోసం మనుషులను చూడటం మొదలుపెట్టాడు. హర్షిత మాత్రం, "పాఠాలు ఎట్ల చెప్తారో కనుక్కున్నావా తాతా?" అంది. "జీతం పడేచోట పాఠం దానంతట అదే వస్తాది పాపా," అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మింది. ఇప్పటికీ నాకు గుచ్చుకునేది అదే. అద్దాల కాలేజీని మొదటి ఆప్షనుగా పెట్టింది. సోమవారం దాకా మార్చుకోవచ్చు కనుక బతికిపోయాం.

ఆదివారం వచ్చింది. జీపూ వచ్చింది. అత్తరు పూసుకుని, కొత్త చొక్కా వేసుకుని ముందుగా దిగినవాడు ఖాదర్ భాయ్.

"గుర్తులన్నీ సరిగ్గా చెప్పినావు సాబ్. రెండో సందు, నీలం గేటు, నిమ్మకాయ. యాడా తప్పిపోలేదు," అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

రత్నమ్మ నా చెవి దగ్గరకు వచ్చింది. "ఎవురు వీళ్లు?"

"మొన్న మదనపల్లె దోవలో టీ తాగితి."

"టీ తాగితే ఇంతమంది వస్తారా?"

ఇంతలో హర్షిత లోపలి గదిలోంచి వచ్చింది. పళ్లేలు చూసింది. పూలు చూసింది. వాళ్ల నాన్నను చూసింది. వాడు నన్ను చూశాడు.

"ఫీజు కట్టేకి దుడ్లు చాలవని చెప్పింటే సరిపోయేది కదా తాతా," అంది మెల్లగా. "దీనికి కాలేజీలు సూసొస్తానని యాల చెప్పినావు?"

బ్రేకులు పోయిన బస్సులను చూశాను నేను. నడి ఘాటులో ఆగిన బస్సులకు సమాధానం చెప్పాను. ఆ మాట ముందు మాత్రం నా కంట్రోలరు అనుభవం ఏదీ పనిచేయలేదు. అరుగు మీద కూర్చుని, మామిడిపండు రసం దగ్గర్నుంచి నిమ్మకాయ దాకా మొత్తం ఒప్పుకున్నాను.

పెళ్లికొడుకు తల్లి సుబ్బమ్మ పండ్ల పళ్లెం ఒళ్లోనే పెట్టుకుని అడిగింది.

"అంటే నువ్వు విచారించింది మావాణ్ని కాదు."

"కాదమ్మా."

"కాలేజీని."

"అవునమ్మా."

"అయితే ఇప్పుడు మేము ఆ కాలేజీ తరపున వచ్చిన పెండ్లోళ్లమా?"

జీపు చాటున చెమటలు తుడుచుకుంటూ నిలబడిన మునికృష్ణ అప్పుడు నోరు విప్పాడు. "అమ్మా, ఈ పాప నా స్టూడెంట్ల కన్నా చిన్నది. విచారించి పోదామని నేను చెప్తానే ఉంటి."

"విచారించేది ఆడపిల్లోళ్లు కదరా. వాళ్లు విచారించినారనే కదా వస్తిమి."

హర్షిత కళ్లు తుడుచుకుంది. "సార్, మీరు ఆ కాలేజీలోనే కదా చెప్పేది? లోపలికి రండి సార్, కూర్చోండి," అంది.

అలా మా ఇంట్లో పెళ్లిచూపులు జరిగాయి. నడవలో కుర్చీలో పెళ్లికొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా చాప మీద మా పిల్ల తల ఎత్తి ప్రశ్నలు వేసింది. వచ్చినవాళ్లు ఎవరైనా కాఫీ తాగాల్సిందే కనుక రత్నమ్మ కాఫీ తెచ్చింది.

"మీరు ఏ సబ్జెక్టు చెప్తారు సార్?"

"ఏది ఖాళీ అయితే అది. ఎవురన్నా మానేస్తే వాళ్ల సబ్జెక్టు నాకు వస్తాది. ఈ ఏడాది నాది తప్ప అన్నీ వచ్చినాయి."

"జీతం నెలనెలా ఇస్తారా సార్?"

ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఉగాదికి ఇచ్చినారు," అన్నాడు. అప్పుడు శ్రావణమాసం నడుస్తోంది.

"ఏమిరా, ఒకటో తేదీకే పడతాండాదని చెప్తివే నాకు?" అంది సుబ్బమ్మ.

"నువ్వు దిగులుపడతావని అమ్మా."

నేను ఖాదర్ భాయ్ వైపు తిరిగాను. "తెల్లారితే చేతిలో పడతాదంటివి కదా భాయ్."

ఖాదర్ భాయ్ ఏమాత్రం తొణకలేదు. "పెండ్లి కావాల్సిన పిలగాని గురించి ఎవురన్నా చెడ్డ చెప్తారా సాబ్? నువ్వు పెండ్లని అడిగితివి, నేను పెండ్లికి తగినట్టు చెప్తిని. బిడ్డ చదువుకని అడిగింటే ఆ పొద్దే వద్దని చెప్పుందును. గేటు ఎదురుగా ఉండి కూడా నా కొడుకును ఆడ చేర్చలేదు."

ఆ మాటతో నా విచారణ శాస్త్రం మొత్తం మూలకు చేరింది. నేరుగా అడిగి ఉంటే ఒక్క టీతో పోయేది.

హర్షిత ఆఖరి ప్రశ్న వేసింది. "మీ చెల్లెలయితే యాడ చేరుస్తారు సార్?"

"కుప్పంలో," అన్నాడు మునికృష్ణ, ఆలోచించకుండానే. "నేను ఆడనే చదివినా. సూసేకి బాగుండదు. కానీ నాకు చెప్పిన సార్లే ఈ పొద్దుకీ ఉండారు. అర్థం కాకుంటే సాయంత్రం కూర్చోబెట్టి మళ్లా చెప్తారు."

వెంకటరమణ ముఖంలో ఆ ఏడాది టమోటా మంచి ధర పలికినంత వెలుగు కనిపించింది. హర్షిత లాప్‌టాప్ తెచ్చింది. పెళ్లివారందరూ చుట్టూ చేరారు. "కుప్పాన్ని పైకి పెట్టు పాపా. మా ఊరికి దగ్గర, ఆకలైతే వచ్చేయొచ్చు," అని సుబ్బమ్మ దగ్గరుండి ఆప్షన్లు మార్పించింది. తెచ్చిన పండ్లు వెనక్కి తీసుకుపోకూడదని మా ఇంట్లోనే వదిలి వెళ్లింది. వారం రోజులు అరటిపండ్లు తిన్నాం. ప్రతి పండుకూ రత్నమ్మ నా వైపు ఒకసారి చూసేది.

హర్షితకు కుప్పంలోనే సీటు వచ్చింది. రెండో ఏడు మొదట్లో ఒకరోజు ఫోను చేసింది. "తాతా, మాకు కొత్త సారు వచ్చినాడు. క్లాసులో అందరినీ పేర్లు అడిగినాడు. నన్ను మాత్రం మీ తాత బాగుండాడా అని అడిగినాడు."

మొన్న సుబ్బమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"అప్పా, మావాడికి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బెంగుళూరులో ఏదో కంపెనీలో ఉండాదంట. నువ్వొకసారి పోయి రావాల."

"అమ్మా, పిల్లను విచారించేంత అనుభవం నాకు లేదమ్మా."

"పిల్లను మేము సూసుకుంటాం. నువ్వు కంపెనీని సూసి రా. నీకు అలవాటే కదా."

అందుకని ఈ రోజు డైరీలో, ముఖం కడుక్కుని, తూర్పు వైపు తిరిగి కూర్చుని, రత్నమ్మ సాక్షిగా ఇలా రాసుకున్నాను: ఇకమీదట ఏ విషయమైనా తెలుసుకోవలసి వస్తే ఆ విషయాన్నే నేరుగా అడిగెదను. చదువు కోసం పెళ్లి పేరు గానీ, పెళ్లి కోసం చదువు పేరు గానీ ఎత్తను. ఎదురింటి టీ అంగడిని సాక్ష్యానికి పిలవను.

బెంగుళూరుకు తెల్లవారి మొదటి బస్సులోనే వెళ్తున్నాను. అక్కడ ఎవరైనా మాది ఏ ఊరని అడిగితే, తెలియదని చెబుతాను.