మాస్టరు కోసిన ముక్క

ఆయన్ని వీధిలో అందరూ మాస్టరనే పిలిచేవాళ్లు. బడిపంతులు కాదు లెండి, దర్జీ కొట్లో కటింగ్ మాస్టరు. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుంటేనే భుజం ఎంతో, నడుం ఎంతో చెప్పేసే కన్ను. అంతటివాడికి ఒకరోజు కొట్లో కోత బల్ల దగ్గరే పక్షవాతం వచ్చింది. నయం, చెయ్యీ మాటా తిరిగొచ్చాయి. సోమవారం నుంచి పనిలోకి వెళ్లొచ్చన్నాడు డాక్టరు. అందాకా ఇంట్లో కూర్చోవాలి. కూర్చోవడం ఆయనకి చేతకాని పని. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక కూతురు అట్టముక్కలు కలిపి బొమ్మ పేర్చే జిగ్సా పజిల్ ఒకటి కొని తెచ్చింది. కింద ఒక పడవ, పైన బోలెడంత ఆకాశం.

"చిన్నపిల్లల ఆట నాకెందుకే?" అన్నాడు. అన్నవాడే భోజనాల బల్లంతా ఆక్రమించేశాడు. ముక్కలకి పేర్లు కూడా పెట్టాడు: ఇది మెడ, ఇది చంక, ఇది జేబు మూత. భార్యకి ఒళ్లు మండేది.

"పెళ్లయిన నాటి నుంచీ గుడ్డపీలికలు ఏరుతున్నాను. ఇప్పుడు అట్టముక్కలా? అన్నం ఎక్కడ తింటారు, నా నెత్తిమీదా?" అనేది. అంటూనే కింద పడ్డ ముక్కలు ఏరి ఇచ్చేది.

పడవ తేలిగ్గానే కుదిరింది. తంటా అంతా ఆకాశం దగ్గరే. ఒక ముక్క ఎంత తిప్పినా కూర్చోదు. అది అక్కడిదేనని ఆయనకి గట్టి నమ్మకం. తయారుచేసినవాడే కోత తప్పాడనుకున్నాడు. బట్టయితే ఏం చేసేవాడు? అదే చేశాడు. కత్తెర తెచ్చి అంచు రవ్వంత తీసేశాడు. ముక్క కూర్చుంది.

"చూశావా నా చెయ్యి!" అని భార్యని పిలిచి చూపించాడు. ఆవిడా మురిసిపోయింది. పాపం, ఆ కోతలో నిజంగానే వెంట్రుకవాసి వంకర లేదు.

ఆదివారం సాయంత్రానికి ఒక ఖాళీ, ఒక ముక్క మిగిలాయి. ఆ ముక్క ఆ ఖాళీలో పట్టలేదు. చాలాసేపు చూశాడు. తర్వాత తాను కోసిన ముక్కని పైకి తీసి, చేతిలోది ఆ చోట పెట్టాడు. చక్కగా అతుక్కుంది. కోసిన ముక్కని మిగిలిన ఖాళీలో పెట్టాడు. దాని అసలు చోటు అదే. కోసిన వైపు మాత్రం సందు పడింది.

"పోనిద్దురూ, అట్టముక్కేగా," అంది భార్య.

ఆయన కొట్టు చూసుకుంటున్న తమ్ముడికి ఫోన్ చేశాడు.

"రేపు నేను రావట్లేదురా. ఇక కోత బల్ల నువ్వే తీసుకో."

"అదేంటన్నయ్యా? చెయ్యి బాగుందన్నారుగా?"

"చెయ్యి బాగానే ఉంది. కన్నే దెబ్బతింది. తప్పు ముక్క కోశాను. పైగా సరిగ్గా కోశానని మురిసిపోయాన్రా! అదే నాకు భయం."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆ కొట్టుని ‘నా సవతి’ అని తిట్టిపోసిన భార్య, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేసింది.

"రేపొక్కరోజు వెళ్లి చూడండి. నా మాట వినండి."

"వెళ్లి ఎవరి బట్ట పాడుచెయ్యమంటావే?" అన్నాడాయన.