అడుగున మిగిలేది

మా ఇంట్లో బంగారం ఉండదు. కొనలేక కాదు. మా ఆయన వాళ్ల సంఘంలో విశ్వాసులైన ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. మా పుట్టింటివాళ్లూ క్రైస్తవులే, కాకపోతే మాది పాత మిషన్ చర్చి. అక్కడ చెవులకు కమ్మలుంటే దేవుడేమీ అనుకోడు. మా అమ్మ ఒంగోల్లో బడిపిల్లల హాస్టల్లో వంట చేస్తూ కూడబెట్టి నాకు ఎర్రరాళ్ల కమ్మలు చేయించింది. పెళ్లికి ముందురోజు మా ఆయన వచ్చి, అవి తీసేస్తేనే మన విశ్వాసానికి సాక్ష్యంగా బాగుంటుందన్నాడు. తీసి ఇస్తే తన చేత్తోనే చర్చి కానుకల పెట్టెలో వేశాడు. మా అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఇన్నేళ్లయినా అవి పెట్టెలో పడ్డ చప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషికి, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో స్థిరపడి, కాస్త బట్టతల వచ్చాక, బంగారం పిచ్చి పట్టింది.

ఫోన్‌లో వీడియోలు చూసి అంటించుకున్నాడు. ఏటి ఇసకలోంచి బంగారపు నలకలు తీసే వీడియోలు. ముందు ఆకుపచ్చ ప్లాస్టిక్ పళ్లెం వచ్చింది, ఒక పక్క మెట్లు మెట్లుగా గాడులున్నది. తర్వాత జల్లెడ, చిన్న పార, నలకల్ని పీల్చుకునే పిప్పర్మెంట్ డబ్బా అంత సీసా. చలికాలమంతా బాత్‌టబ్‌లో తోటమట్టి పోసి సాధన చేశాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నేను ఆ బురద కడుక్కున్నాకే స్నానం చేయాలి. బంగారం మనకెందుకండీ అని ఒకసారి అడిగాను. "ఇది నగ కాదు కదా. దేవుడి సృష్టి" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి చెవులు కుట్టించుకుంటానని అడుగుతోంది. పద్నాలుగేళ్ల పిల్ల. క్లాసులో చెవులు కుట్టని ఆడపిల్ల తనొక్కతేనట. మా ఆయన బైబిల్లో వాక్యం తీసి చూపించాడు. "అది లోకసంబంధం నాన్నా, మనకొద్దు" అన్నాడు. "డాడ్, దే ఆర్ మై ఇయర్స్" అంది అది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. తండ్రి ఆ సాయంత్రం మళ్లీ పళ్లెం పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్లాడు. తలుపు బయట నిలబడి ఆ ఇసక గరగరా తిరిగే చప్పుడు వింటుంటే నాకు పళ్లు నూరుకోవాలనిపించింది.

వేసవి మొదట్లో నాకు శని ఆదివారాలు కలిసి సెలవు దొరికితే ముగ్గురం బయలుదేరాం. స్కాట్లాండ్ దక్షిణపు కొండల్లో, గొర్రెలు తప్ప మనుషులు కనిపించని చోట ఒక ఊరు. దారిపొడుగునా మా ఆయన పాఠం చెప్పాడు. ఈ దేశంలో నేల ఎవరిదైనా అందులోని బంగారం, వెండి రాజుగారివట. ఏరు పారే నేలకి మళ్లీ ఓనర్ వేరే. ఓనర్ అనుమతి లేకుండా పార దించితే అది దొంగతనం కిందికే వస్తుందట. "అందుకే నేను ముందే మెయిల్ పెట్టి, అన్నీ కనుక్కుని, పర్మిట్ దొరికే చోటు చూసుకుని వస్తున్నా. మనం పద్ధతిగా ఉండాలి" అన్నాడు. వెనక సీట్లో అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

పర్మిట్లు ఇచ్చే చిన్న కొట్లో ఒక ముసలావిడ నియమాలన్నీ ఓపిగ్గా చెప్పింది. చేతి పనిముట్లే వాడాలి, మోటార్లు, పంపులు కూడదు. ఏటి అడుగున ఉన్న గులకరాళ్లలోనే తవ్వాలి, గట్టు ముట్టుకోకూడదు. తవ్విన గుంట పూడ్చి వెళ్లాలి. చేపలు గుడ్లు పెట్టే నెలల్లో అసలు ఏట్లో దిగకూడదు. దొరికింది గుర్తుగా దాచుకోవచ్చు గానీ అమ్ముకోకూడదు. ప్రతిదానికీ మా ఆయన తల ఊపుతున్నాడు, పాస్టర్‌గారి ముందు ఊపినట్టే.

ఏరు మోకాలి లోతు కూడా లేదు, నీళ్లు మాత్రం ఐసుముక్కలే. బంగారం బరువైంది కాబట్టి ఏరు మలుపు తిరిగేచోట లోపలి పక్కన, పెద్ద రాళ్ల వెనక, బండల సందుల్లో దిగబడి ఉంటుందట. అక్కడి కంకర తీసి, జల్లించి, పళ్లెంలో నీళ్లతో ఊపుతూ పైనున్న తేలికపాటి ఇసకని కొద్దికొద్దిగా ఏట్లోకి జార్చాలి. చివరికి అడుగున నల్ల ఇసక మిగులుతుంది. నలకలుంటే అందులోనే. మధ్యాహ్నానికి మా ఆయన ఆ నల్ల ఇసక కాస్తంత పోగు చేశాడు. అందులో ఒక మెరుపు నేనూ చూశాను. చీమ తల కన్నా చిన్నది. అది చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు అంతలా వెలగడం చూశాను, మళ్లీ అప్పుడే.

నడుం పట్టేసిందని పళ్లెం నా చేతిలో పెట్టాడు. "బియ్యం గాలించినట్టేనే. నీకు చెయ్యి తిరిగిన పని. ఆఖరి విడత నువ్వు చెయ్యి" అన్నాడు.

నిజంగానే చెయ్యి తిరిగిన పని. మా పుట్టింటికొచ్చే రేషన్ బియ్యంలో సగం రాళ్లే ఉండేవి. రెండు గిన్నెలు పెట్టుకుని, నీళ్లు పోసి, ఊపుతూ వంచుతూ ఉంటే గింజలు నీళ్లతోపాటు రెండో గిన్నెలోకి జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. ఆ అడుగు గుప్పెడు పారబోయడం మా అమ్మ నాకు నేర్పింది. చేతికి అలవాటైన పని బుర్రని అడగదు. ఊపాను, వంచాను, పైదంతా చక్కగా జార్చాను. చివరికి అడుగున మిగిలింది ఒక్క విసురుతో ఏట్లోకి కొట్టేశాను.

"అట్టా చేశావేంది?" అన్నాడు మా ఆయన. "అడుగున ఉండేదే కదా బంగారం. పొద్దుట్నుంచీ చేసిందంతా ఏట్లో కలిపేశావు. బుద్ధుండక్కర్లా?"

తెలిసి చేసింది కాదు కాబట్టి సారీ అందామని నోరు తెరిచాను. ఆ బుద్ధి అన్న మాట దగ్గర నాకు తిక్క రేగింది.

"ఆ నలక పోతేనే మీకు ఇట్టా ఉందే. మా అమ్మ కమ్మలు పెట్టెలో పడేసినప్పుడు ఆమెకెట్టా ఉండుంటదో ఏనాడన్నా అనుకున్నారా?"

"అది ప్రభువుకిచ్చింది. దానికీ దీనికీ సంబంధమేంది?"

"ఇచ్చింది మీరు. సొమ్ము మా అమ్మది. ఆమెను అడిగారా? ఇక్కడ ఇసక గీకడానికి ఓనర్‌ని అడిగారు, రాజుగారి హక్కు చెప్పారు, చేపలు గుడ్లు పెట్టే నెలలు చూసుకుని మరీ వచ్చారు. చేపకిచ్చిన మర్యాద మా అమ్మకి ఇచ్చారా?"

ఆయన పార తీసుకుని, తవ్విన గుంట పూడ్చడం మొదలుపెట్టాడు. రాతి మీద కూర్చున్న అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసేసింది. "మమ్, వాట్ ఇయరింగ్స్?" అంది. దానికి నేనెప్పుడూ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో దాని పక్కన కూర్చుని, ఎర్రరాళ్ల సంగతి, వాటి వెనకున్న హాస్టల్ వంటల సంగతి, అంతా తెలుగులో చెప్పాను. ముందు డ్రైవ్ చేసే మనిషికి వినపడేటట్టే చెప్పాను.

మరుసటి శనివారం దాన్ని టౌన్‌లో చెవులు కుట్టే కొట్టుకి తీసుకెళ్లాను. పదహారు నిండలేదు కాబట్టి తల్లి సంతకం కావాలంది కొట్టుపిల్ల. పెట్టాను. మొదట్లో బంగారం కాదు, టైటానియం పెడతామంది. అలాగే పెట్టమన్నాను. సూది దిగినప్పుడు మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, తర్వాత అద్దంలో చూసుకుని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే.

ఇంటికొచ్చేసరికి మా ఆయన హాల్లో పళ్లెం తుడుచుకుంటున్నాడు. పిల్ల చెవుల వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగాడు.

"ఎవర్ని అడిగి చేయించావు?"

"స్థలం ఓనర్‌ని" అన్నాను. "ఇదుగో, ఇక్కడే నిలబడి ఉంది."