జీవరాజు అతికించిన చీటీ

జీవరాజు రైల్వే గుమాస్తా. మెట్టుగూడ క్వార్టర్సులో మా పక్క వాటా. ఆఫీసులో అతని పని రూల్సు పుస్తకాలకు దిద్దుబాటు చీటీలు అంటించడం. పాత నిబంధన మీద కొత్త చీటీ పెట్టి ఒక్క అంచుకే జిగురు రాస్తారు. రేపు ప్రమాదం జరిగి విచారణ వస్తే, చీటీ ఎత్తి కింద ఏముండేదో చూడాలి కదా.

ఎనభై మూడులో అతను అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ మోర్మన్ సంఘంలో చేరాడు. భార్య మేబెల్ రైల్వే గార్డు కూతురు, బాప్టిస్టు. బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఏడాది ఆలోచించి, వచ్చే ఆదివారం తానూ ఆ సంఘంలో బాప్తిస్మం తీసుకుంటానంది. సరిగ్గా అప్పుడే జీవరాజుకు భయం పట్టుకుంది. వాళ్లు బైబిలుతోపాటు లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం కొత్త అచ్చు అతని చేతికొచ్చింది. ఇంట్లో ఉన్న పాత అచ్చులో, ఒక జనం విశ్వసించాక తెల్లనివాళ్లవుతారని ఉంది. కొత్తదాంట్లో అక్కడ పవిత్రులవుతారని ఉంది. మేబెల్ నల్లని మనిషి. పెళ్లినాడు అతని మేనత్తలు అన్న మాటలు ఆమె మరచిపోలేదు.

జీవరాజు కొత్త మాట టైపు చేసి పాతదాని మీద అతికించాడు. నాలుగంచులకూ జిగురు రాసి మరీ.

శుక్రవారం సాయంత్రం నేను వాళ్లింట్లో టీ తాగుతుంటే మేబెల్ ఆ పుస్తకం పట్టుకొచ్చింది.

"ఏందండీ గిది? దేవుడికి సుత కరెక్షన్ స్లిప్ పంపిన్రా మీ ఆఫీసోళ్లు?"

నాకు నవ్వొచ్చింది. జీవరాజు టీ తాగకుండానే కప్పు కింద పెట్టేయడం చూసి ఆగిపోయాను.

"పాతది తప్పు మేబెల్, అందుకని..."

"తప్పయితే దాచుడెందుకు? మా నాయిన తన గార్డు రూలుబుక్కుల ఒక్క అంచుకే అంటిస్తుండె. మీరేమో నాలుగు దిక్కుల పూసిన్రు."

తడిగుడ్డ అద్ది చీటీ ఊడదీసింది. కింద ఉన్నది చదివి పుస్తకం మూసింది. అప్పుడు చెప్పాడతను, సంఘం పెద్దలు చెప్పినట్టే: మొదటి అచ్చులో తెలుపే ఉండేదని, పదేళ్లకు సంఘం స్థాపించిన ప్రవక్తే పవిత్రులని దిద్దాడని, తర్వాతివాళ్లు దిద్దని ప్రతినే పట్టుకుని నూటనలభై ఏళ్లు అచ్చువేశారని.

"గిదంతా ఎరికుండి నాకు చెప్పలే."

"భయమైంది."

"పుస్తకం గురించా, నా గురించా?"

అతను ఊడిన చీటీని బల్ల మీద ఆరబెట్టాడు.

"ఆదివారం సంఘంల నిలబడి పాత మాట, కొత్త మాట రెండూ చదువుండ్రి. నేనైతే గీ వారం నీళ్లల్ల దిగ."

ఆదివారం అతను రెండూ చదివాడట. చివరి బెంచీలో ఉన్న ఆమె వైపు చూడలేకపోయాడట. ఇంటికొచ్చి మేబెల్ తనే ఆ చీటీ మళ్లీ అంటించింది, ఒక్క అంచుకు.

"మరి బాప్తిస్మం..." అన్నాడు.

"అచ్చోళ్లకు నూటనలభై ఏండ్లు పట్టింది గదా. నాకు జెర టైమియ్యుండ్రి."

ఆ తర్వాత ఆమె పుస్తకం తెరిచి చీటీ ఎత్తినప్పుడల్లా జీవరాజు ఊపిరి బిగబట్టడం నేను చాలాసార్లు చూశాను.