పన్నెండు తీసి తొమ్మిది పెట్టినాను

మొన్న మా బామ్మర్ది పలకల ఫ్యాక్టరీలో నేను చేసిన ఘనకార్యం వింటే, ఇక కంప్యూటర్ ముట్టుకోవద్దని మీరే చెబుతారు.

మార్కాపురంలో ఆ రాయి కోసే మెషిన్‌ని నడిపించే కోడ్ రాసింది నేనే. మా బీఎస్సీ రోజుల్లో కంప్యూటర్ బొమ్మ కూడా చూడలేదు. మోకాళ్ల నొప్పితో ఇంట్లో కూర్చున్నప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ మోకాళ్లకు ఎన్ని నూనెలు రాసినానో... సరే, అది వదిలేయండి.

బామ్మర్ది కూతురు లత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. నా కోడ్ చూసి, "మామా, అన్నీ ఒట్టి అంకెలేంది? ఈ పన్నెండు దేనికి, ఆ పన్నెండు దేనికి? ఒక్కోదానికీ ఒక పేరు పెట్టు" అనింది.

"రాసినోణ్ణి నేను. నాకు తెలీదా?" అన్నాను.

మొన్న పొద్దున బామ్మర్ది వచ్చినాడు. "బావా, కొనే పార్టీకి పన్నెండు అంగుళాల బండ వద్దంట, తొమ్మిది కావాలంట. సాయంత్రం లారీ వస్తాది. ఉండేది ఆ నల్లరాయే, జాగ్రత్త." ఆ రాయి వచ్చిన గని నీళ్లతో నిండిపోయింది. మళ్లీ దొరకదు.

కోడ్‌లో పన్నెండు ఉన్నచోటల్లా తొమ్మిది పెట్టేసినాను. మెషిన్ ఆన్ చేసి, "నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు" అని మేస్త్రీ మస్తాన్‌కి చెప్పి, బామ్మర్దితో టీకి పోయినాను. ఆ టీ అంగడాయనది త్రిపురాంతకం, అల్లం దండిగా వేస్తాడు. రెండో గ్లాసు తాగకపోయుంటే సగం రాయన్నా మిగిలేది.

వచ్చి చూస్తే బండలన్నీ పొరలు లేచి, అంచులు విరిగి పడున్నాయి.

"ఆపుదామనుకున్నా సార్. ముట్టుకోవద్దన్నారు కదా" అన్నాడు మస్తాన్.

లతకి ఫోన్ చేసినాను. కోడ్ చూసి చెప్పింది. "ఒక పన్నెండు బండ సైజు మామా, అంగుళాలు. రెండోది కోసినాక బ్లేడు లేవాల్సిన ఎత్తు, మిల్లీమీటర్లు. రాయి మందం పది. తొమ్మిదే లేస్తే, వెనక్కొచ్చేటప్పుడు రాయిని గీక్కుంటూ రాదా?"

బామ్మర్ది నన్ను తిట్టినా బాగుండేది. విరిగిన బండ ముక్కలు రెండూ దగ్గరపెట్టి, అతుక్కుంటాయేమో అన్నట్టు ఒత్తి చూసినాడు. తర్వాత లారీ వద్దని పార్టీకి ఫోన్ చేసినాడు.

మస్తాన్ మెల్లగా నా పక్కకు వచ్చినాడు. "సార్, ఎనిమిదో తరగతిలో లెక్క కరెక్టుగానే చేసినా, పక్కన మిల్లీమీటర్లని రాయలేదని మీరు అర మార్కు కోసినారు. గుర్తుందా?"

గుర్తుంది. వాడు ఫెయిలైంది ఆ అర మార్కుతోనే. వాళ్ల నాయన బడికొచ్చి బతిమాలితే, "యూనిట్ రాయనోడు ఏం బాగుపడతాడు, పనిలో పెట్టు పో" అన్నది కూడా నేనే.