ఒకరోజు షేర్వానీ

పట్నంలో బతకడం కష్టమని ఇప్పటి పిల్లలు అంటుంటే నాకు నవ్వొస్తుంది. (ఎదుట నవ్వితే కోడలు కోప్పడుతుంది, అందుకని గదిలోకి పోయి నవ్వుతాను.) నిజాం జమానాలో మక్తల్ దగ్గరి మా పల్లె నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ పాలమూరు వచ్చిననాడు నా ఆస్తి మొత్తం రెండు ధోవతులు, ఒక అంగి, ఉర్దూ బడిలో తన్నులు తిని నేర్చుకున్న చక్కటి దస్తూరి. మా మేనత్త కొడుకు అప్పటికే అక్కడ ఒక బట్టల దుకాణంలో కుదురుకున్నాడు. ఆయన్ని అందరూ 'ముఫత్ బావ' అనేవారు. పైసా ఖర్చు లేకుండా ఊళ్లో ఏది ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. సర్కారు దవాఖానలో మందు ఊరికే పోస్తారు గాని సీసా మనమే తీసుకుపోవాలి; ఆ సీసా ఏ అత్తరు దుకాణంవాడు ఇస్తాడో బావకు తెలుసు. చలికాలం పొద్దున వేడినీళ్లు ఏ హోటలు వెనుక దొరుకుతాయో తెలుసు. ఆ ఊళ్లో నేను రెండు నెలలు నెట్టుకొచ్చానంటే అదంతా బావ చలవే.

అలా ఉండగా తహసీలు కచేరిలో నకళ్లు రాసే గుమస్తా కావాలని తెలిసింది. ఇదీ తప్పిపోతే ఊరికొచ్చి ఎడ్లను కాసుకొమ్మని బాపు అప్పటికే కబురు పంపాడు. ఆయన పంపాడంటే ఇక తిరుగుండదు. చిక్కేమిటంటే షేర్వానీ లేకుండా తహసీల్దారు గది గడప తొక్కనివ్వరు. నేను తల పట్టుకుని కూర్చుంటే బావ వచ్చి, "గంత ఫికరెందుకు బామ్మర్దీ? చాకలవ్వ లేదా?" అన్నాడు.

చాకలవ్వ ఊళ్లోని పెద్ద ఉద్యోగుల బట్టలుతికేది. ఉతికిన బట్టలు వాళ్లకు చేర్చేలోగా మాలాంటి వాళ్లకు ఒక పూటకు ఇచ్చేది. ఆ ఊళ్లో సగం పెండ్లిచూపులు ఆమె దయవల్లే జరిగాయని బావ అనేవాడు. నల్ల షేర్వానీ ఒకటి తీసి నా భుజాలకు ఆనించి చూసి, "దీని గలాయన పెండ్లికి పోయిండు, రెండొద్దుల దాక రాడు. పొద్దుగూకెటాళ్లకు తెచ్చియ్యి బిడ్డా. నీ అంగి ఈడ పెట్టిపో" అంది. బట్ట తిరిగొచ్చేదాకా అంగిని జమానతుగా ఉంచుకోవడం ఆమె పద్ధతి. ఉన్న ఒక్క అంగీ విప్పి ఆమె చేతిలో పెట్టాను. షేర్వానీకి మెడదాకా గుండీలుంటాయి కదా, లోపల అంగి ఉందో లేదో ఎవడు చూడొచ్చాడు అనుకున్నాను. ఆ షేర్వానీ ఎవరిదని మాత్రం అడగలేదు. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కచేరికి పోయేసరికి లోపల తహసీల్దారు తన పేష్కారును, అంటే పక్కన నిలబడి కాగితాలు వినిపించే పెద్ద గుమస్తాను, చెడామడా తిడుతున్నాడు. పేష్కారు ఒంటిమీద వట్టి అంగి మాత్రమే ఉంది. "పెండ్లి ఆగిపోయింది హుజూర్, ఉన్నపళంగా వచ్చేసిన. షేర్వానీ చాకలింట్ల ఉన్నది" అని గొణుగుతున్నాడు. అప్పుడే నేను గడప దాటాను. "చూడు! పల్లెటూరి పిల్లవాడు, ఎంత శుభ్రంగా వచ్చాడో!" అని తహసీల్దారు ఉర్దూలో నన్ను చూపించాడు. పేష్కారు చూశాడు. నా మొహం కాదు, గుండీలు చూశాడు. ఆ షేర్వానీ ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

ఒక దరఖాస్తు రాయమన్నారు, రాశాను. దాన్ని చదివి వినిపించమని తహసీల్దారు పేష్కారుకు చెప్పాడు. ఆయన కాగితం అందుకునే సాకుతో నా చెవి దగ్గరికి వంగి, "లోపలి జేబుల నా కండ్లద్దాలున్నయి, తియ్యి" అన్నాడు. తియ్యాలంటే గుండీలు విప్పాలి. దగ్గు వచ్చినట్టు గోడవైపు తిరిగి మూడు గుండీలు విప్పాను. దాచుదామన్నా దాగలేదు, పేష్కారు నా ఛాతీ చూడనే చూశాడు. అద్దాలు పెట్టుకుని దరఖాస్తు మొత్తం చదివి, "దస్తూరి ముత్యాల లెక్క ఉన్నది హుజూర్" అన్నాడు. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

బయటికి రాగానే "విప్పు" అన్నాడాయన. అంతలోనే లోపల ఏమీ లేదన్న సంగతి గుర్తొచ్చి, "నడువ్" అన్నాడు. చాకలవ్వ ఇంటికి బజారు మీదుగానే పోవాలి. షేర్వానీలో నేను, పక్కన వట్టి అంగితో ఆయన. దారి పొడుగునా సలాములన్నీ నాకే! కచేరికి వస్తున్న రైతొకాయన నాకు వంగి దండం పెట్టి, తన సంచి పేష్కారు చేతికిచ్చి "జర పట్టుకో" అని, తన గోడంతా నాకు చెప్పుకున్నాడు. అది అయ్యేదాకా పేష్కారు ఆ సంచి పట్టుకునే నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

చాకలవ్వ ఏమాత్రం జంకలేదు. "పెండ్లికి పోయినవని ఇచ్చిన. ముందుగాల ఎవరు రమ్మన్నరు నిన్ను?" అని ఆయన్నే నిలదీసింది. నేను నా అంగి తొడుక్కుంటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగమైతే వచ్చింది గాని రేపు ఏం వేసుకుని పోవాలి? పేష్కారు నావైపు తిరిగాడు. "కోపమైతె బాగ వచ్చింది. అంగి గూడ లేకుంట కొలువుకొచ్చినోన్ని ఏమంటంరా? నీది కుట్టించుకునేదాక వెనుక దఫ్తరుల కూసో. దొర అడిగితె చాకలింట్ల ఉన్నదని నేను చెప్త. నా మాట నమ్ముతడు, ఇయ్యాల నాకే గట్లయింది గద!" అన్నాడు.

అలా నాలుగు నెలలు ఆ వెనుకగదిలోనే రాశాను. తరవాత సొంత షేర్వానీ వచ్చింది, పెద్ద ఉద్యోగమూ వచ్చింది, సలాములూ చాలానే వచ్చాయి. కాని ఈ వయసులో కూడా బజారులో ఎవరైనా నాకు దండం పెడితే, అది ఎవరికోనని ముందు నా పక్కకు తిరిగి చూస్తాను.