బల్ల అద్దం కింది ఫొటో

మొన్న ఆదివారం పొద్దున బ్రాడీపేటలోని మా ఇంటికి ఒక యువ అధ్యాపకురాలు వచ్చింది. నేను పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయంలోనే (దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది) ఆవిడ ఇప్పుడు పనిచేస్తోంది. అన్ని కులాల, మతాల పిల్లలకూ అక్కడ సమానంగా చోటు దొరికేలా చూడడానికి ఒక కేంద్రం పెట్టారట, దానికి కొత్త భవనం కట్టారట, ఎనభైల్లో ఆ పనికి శ్రీకారం చుట్టింది నేనేనని ఎవరో చెప్పారట, అందుకని ప్రారంభోత్సవానికి పిలవడానికి వచ్చింది. పోతూ పోతూ, గోడ మీద పెద్దది చేసి పెట్టడానికి ఆ రోజుల నాటి ఫొటో ఏదైనా ఉందా అని అడిగింది. లేదంటే పోయేది. కానీ పొగడ్త వినబడితే చాలు, నా నోరు నా మాట వినదు. ఉంది, వెతికి పెడతానన్నాను.

నిజానికి వెతకవలసిన పనేమీ లేదు. అది బీరువాలో పట్టుచీరల అడుగున, ఒక పాత కవరులో ఉంది. ఎక్కడ దాచానో మరిచిపోదామని చాలా ప్రయత్నించాను గానీ నా వల్ల కాలేదు.

నా వయసు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మిరపకాయలు ఎండబెట్టే కాలంలో బస్సెక్కితే ఊరు దాటేలోగా బస్సంతా తుమ్మేది, పత్తి బండ్లు పోయిన దారిలో తుమ్మకంపకు దూది పట్టుకుని ఉండేది. మాదీ మిరప, పత్తి పండించే ఇల్లే. వృక్షశాస్త్రంలో అధ్యాపకురాలిగా చేరేనాటికి నాకు ముప్ఫై నిండలేదు. అప్పట్లో కొత్త విద్యార్థి కనబడితే మేము ముందు ఊరు అడిగేవాళ్ళం, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఫలానావాళ్ళు మీకేమవుతారని. మూడు ప్రశ్నల్లో మాకు కావలసింది తెలిసిపోయేది, అదీ ఎంతో ఆప్యాయంగా. పల్లె నుంచి, అంటే ఊరి చివర మాలపల్లి, మాదిగపల్లి నుంచి వచ్చిన పిల్లలు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండోదానికి తల దించుకునేవాళ్ళు.

అలాంటి పిల్లల బాగోగులు చూడడానికి ఒక ప్రత్యేక విభాగం పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పెద్దవాళ్ళంతా ఆ కాగితాన్ని ఒకరి బల్ల మీంచి ఇంకొకరి బల్ల మీదికి జరిపి, చివరికి అందరికన్నా చిన్నదాన్నీ, ఆడదాన్నీ అని నా మీద పడేశారు. నేను మాత్రం పొంగిపోయాను. ఏడాది తిరిగేసరికి లోకాన్ని మార్చేస్తాననుకున్నాను. హాస్టల్ భోజనశాలలో ఆ పిల్లలు కిటికీ పక్కన ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అలవాటు. అది చూసి కడుపు మండి, వెళ్ళిన మొదటి వారమే ఆ బల్ల తీయించేశాను. మిగతా బల్లల దగ్గర ఎవరూ జరగలేదనీ, వాళ్ళు చాలా రోజులు నిలబడే తిన్నారనీ తర్వాత తెలిసింది. నా మంచితనం ఎలాంటిదో నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి నా విద్యార్థిని. పర్చూరు వైపు పల్లెటూరు, తండ్రి లేడు, తల్లి మిరపకాయల కోతకూ పత్తి తీతకూ వెళ్ళి చదివించింది. సెలవులకు వెళ్తే తానూ తల్లితో కోతకు వెళ్ళేది. తిరిగొచ్చాక రెండు రోజుల దాకా చేతులు మండుతున్నాయని, ప్రయోగశాలలో పొరపాటున కూడా కళ్ళు తుడుచుకునేది కాదు. మా విభాగంలో అంత శ్రద్ధగా ఆకును కోసి సూక్ష్మదర్శిని అద్దం మీద పరిచే చెయ్యి ఇంకొకటి లేదు. ఒకసారి ఏదో దరఖాస్తు నింపుతూ, నాకు రెండు పేర్లున్నాయండీ అని తనే చెప్పింది. బడిలో వేసిననాడు పంతులుగారు రాసింది ఒకటి, ఊళ్ళో చర్చిలో పెట్టింది ఇంకొకటి. ఇంట్లో పిలిచేది చర్చి పేరుతోనే. మా ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. హరిజనుల జాబితాలో ఉండాలంటే కాగితం మీద హిందువై ఉండాలి. క్రైస్తవంలోకి మారినట్టు రుజువైతే వేరే జాబితా, ఆ ఉద్యోగాలు దక్కవు. కాగితం ఎటు మారినా పల్లె మారదు కాబట్టి, వాళ్ళు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, సోమవారం బడి పేరుతో బతికేవాళ్ళు. అది తెలియనట్టు ఉండడమే ఊరి మర్యాద. నన్ను నమ్మి చెప్పింది.

ఆమె అన్నగారి పెళ్ళి ఈస్టరు వెళ్ళిన వారంలో అయింది. నన్ను పిలిచింది, తప్పకుండా వస్తానన్నాను. తీరా ఆ పొద్దున భయం పట్టుకుంది. చర్చిలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక నవ్వులపాలవుతానేమోనని పొద్దుటి బస్సు కావాలనే వదిలేసి, తర్వాతి బస్సెక్కాను. నేను దిగేసరికి పెళ్ళి అయిపోయింది. ఆ అమ్మాయి వంటల దగ్గర్నుంచి పరుగున రోడ్డు మీదికొచ్చి నన్ను తీసుకెళ్ళింది. పొద్దుటి నుంచి ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నానండీ, చర్చి లోపలికే వెళ్ళలేదని నవ్వుతూ చెప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పందిట్లో అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటున్నారు. వాళ్ళమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, చేతులు కొంగులో దాచుకుని నెమ్మదిగా అంది.

"ఊళ్ళో హోటల్నించి ఇడ్లీలు తెప్పించామమ్మగోరూ. పొట్లం ఇప్పలేదు. మావాళ్ళెవరూ ముట్టుకోలేదు."

నాలాంటి వాళ్ళు వస్తే అలా తెప్పించడం వాళ్ళకు ఆచారం. నేను ఆ పొట్లం పక్కన పెట్టించి, వెళ్ళి పంక్తిలో కూర్చున్నాను. ఆ అమ్మాయే గరిటె తీసుకుని నాకు వడ్డించింది. ఇంతవరకూ నేను చేసింది మంచిపనే, ఇప్పుడూ అదే అంటాను. అక్కడితో ఆగితే బాగుండేది. పెళ్ళికొచ్చిన ఫొటోగ్రాఫరు దూరంగా కనబడితే నేనే కేకేసి పిలిచాను, ఇక్కడ కూడా ఒకటి తీయమని.

ఆ ఫొటోను నా బల్ల అద్దం కింద, క్యాలెండరుకూ పాఠాల పట్టికకూ మధ్య పెట్టుకున్నాను. మా రోజుల్లో ఎవరి బల్ల అద్దం కింద ఏముందో చూస్తే వాళ్ళకు దేని మీద గర్వమో తెలిసిపోయేది. వచ్చినవాళ్ళు వంగి చూసేవాళ్ళు, నేను చెప్పేదాన్ని. చెప్పినకొద్దీ పెళ్ళి పెరిగింది. చర్చిలో ముందు వరసలో కూర్చున్నానని చెప్పాను. పాటలు ఎంత బాగున్నాయో చెప్పాను. మా విద్యార్థిని తెల్లచీర కట్టుకుని పాడేవాళ్ళ మధ్య నిలబడి పాడుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానంటే, భోజనానికి మాత్రమే వెళ్ళానంటే చిన్నగా ఉంటుందనిపించింది. నేను పల్లెలో భోంచేసిన సంగతి మా ఊళ్ళో తెలిసి మా అన్నయ్య ఆరు నెలలు నాతో మాట్లాడలేదు, అది కూడా గొప్పగానే చెప్పుకున్నాను.

ఆ మరుసటి ఏడు మా వృక్షశాస్త్ర విభాగంలోనే హరిజనులకు కేటాయించిన అధ్యాపక ఉద్యోగం ఒకటి పడింది. ఆ అమ్మాయి ఎంపికైంది. తల్లి చేత కోతపని మాన్పిస్తానని నా దగ్గరకొచ్చి చెప్పి వెళ్ళింది. ఇంకా చేరలేదు, ఇంతలో సంతకం లేని అర్జీ ఒకటి వచ్చింది. ఆమె క్రైస్తవురాలనీ, చర్చిలో పాటలు పాడుతుందనీ, అనుమానముంటే ప్రత్యేక విభాగం మేడమ్‌ను అడగమనీ, ఆవిడ బల్ల అద్దం కింద ఫొటో చూడమనీ అందులో ఉంది.

విచారణకు ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ఆ అమ్మాయి తలుపు పక్కన కుర్చీలో, నేను వాళ్ళ ఎదురుగా. ఫొటో అసలు పనికిరాదన్నారు, పందిట్లో అన్నం తినడం ఏ మతమూ కాదు కదా, అన్నగారి పెళ్ళి చెల్లెలి మతానికి రుజువూ కాదు. అంతా నా మాట మీదికి వచ్చింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి అడిగాడు.

"ఈ అమ్మాయి చర్చిలో పాడుతుండగా మీరు కళ్ళారా చూశారామ్మా?"

చూడలేదండీ, నేను వెళ్ళేసరికి పెళ్ళి అయిపోయింది, గొప్పకోసం చెప్పాను అంటే సరిపోయేది. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఆ తెల్లచీర కథ నా నోటితోనే చెప్పి ఉన్నాను. వాళ్ళ ముందు అబద్ధాలకోరునవుతానని, ప్రత్యేక విభాగం మేడమ్ చర్చికి భయపడి బస్సు వదిలేసిందని నవ్వుకుంటారని భయపడ్డాను. చూశానన్నాను.

వాళ్ళు ఆ అమ్మాయి వైపు తిరిగారు. తను లేచి నిలబడింది. నేను ఏ బస్సుకొచ్చానో ఆమెకు తెలుసు, రోడ్డు మీదికొచ్చి నన్ను దింపుకుంది ఆమే. నా వంక ఒకసారి చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్ళు ఇంత బాధ ఉండేది కాదేమో. నేను పరువు పోగొట్టుకుంటానని నా తరఫున కంగారుపడ్డట్టు చూసింది.

"మేడమ్‌గారు చూశానన్నారు కదండీ," అంది. "రాసుకోండి."

ఆ ఉద్యోగం పోయింది. ఒంగోలు దాటాక ఏదో చిన్న ఊళ్ళో మిషన్ బడిలో పంతులమ్మగా చేరిందని విన్నాను. వాళ్ళమ్మ ఇంకెన్నేళ్ళు కోతకు వెళ్ళిందో నేను అడగలేదు. రూల్ అలా ఉంటే నేనేం చేయనని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, కానీ ఆ అమ్మాయిని రూల్ వెతుక్కుంటూ రాలేదు, నేను చేయి పట్టుకుని దాని దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ తర్వాత నేను ప్రొఫెసర్నయ్యాను, వెనుకబడిన పిల్లల కోసం పాటుపడ్డానని శాలువాలు కప్పించుకున్నాను. ఒకసారి మా వీధి చివర పుస్తకాల కొట్లో ఆమె ఎదురుపడింది. బడి పిల్లలకు పుస్తకాలు కొంటోంది. నమస్కారం పెట్టి, నా మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగి, ఎండలో తిరగొద్దని చెప్పి వెళ్ళిపోయింది. క్షమించమనే మాట నోటి చివరి దాకా వచ్చింది. కొట్టువాడు వింటాడని మింగేశాను.

ఇప్పుడు కాలం మారిందంటారు, మారింది కూడా. ఆ కేంద్రానికి భవనముంది, బోర్డుంది, పిల్లలు తమ ఇంటిపేరు తల ఎత్తి చెబుతున్నారని ఆ యువ అధ్యాపకురాలు చెబితే నిజంగా సంతోషమేసింది. ఇప్పుడెవరూ బల్ల అద్దం కింద ఫొటోలు పెట్టుకోరు, మనం చేసిన మంచి అంతా చేతిలోని ఫోన్లోనే ఉంటుంది, క్షణంలో నలుగురికీ చేరుతుంది. నా ఫొటో చేరడానికి ఏడాది పట్టింది.

నిన్న దాన్ని కవరులోంచి తీశాను. మధ్యలో నేను, ఆకు ముందు కూర్చుని, చక్కగా నవ్వుతూ. వడ్డిస్తున్న మనిషి ఫొటోలో పట్టలేదు. గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్కటే నా ఆకు మీదికి వంగి ఉంది. రేపు వాళ్ళొచ్చి తీసుకెళ్ళి గోడంత చేస్తారు, ఆ చెయ్యి కూడా పెద్దదవుతుంది, చూసిన పిల్లల్లో ఎవరో ఒకరు అదెవరిదని తప్పకుండా అడుగుతారు. బడి పేరు చెబితే, ఆ పేరు మీద రావలసినదాన్ని ఆమెకు రాకుండా చేసింది నేను. చర్చి పేరు చెబితే, అది నన్ను నమ్మి చెప్పిన పేరు.